డ్రైవరు వెనక సీటు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ముందు గదిలో చాప మీద గోడవైపు తిరిగి పడుకున్న బావ. వంటింట్లో ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఊయల తాడు పట్టుకున్న అక్క. ఊయల్లో అక్క కొడుకు. వాడికింకా పేరు పెట్టలేదు కనక అందరికీ బుడ్డోడు. కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు బావ మేనత్త. ఆవిడని ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ కూడా అత్తమ్మ అనే పిలుస్తారు. గుమ్మం దగ్గర, వేలాడుతున్న తలుపు రెక్కకి బందులు బిగిస్తూ నాన్న. ఆయన వడ్రంగి, చుట్టపుచూపుగా వెళ్ళినా చేతులు ఊరుకోవు. ఇక మూలగా, బియ్యం డబ్బా మీద, ఎవరికీ అడ్డు రాకుండా, గుసగుస.

గుసగుస అసలు పేరు కాదు. ఏం చెప్పినా పక్కవాడి చెవిలో చెప్పినట్టే ఉంటుందని చిన్నప్పుడు అక్క పెట్టింది, అదే నిలిచిపోయింది. బళ్ళో మాస్టారు హాజరు పిలిస్తే "ఉన్నానండీ" అన్నా వినపడక, ముందు బెంచీలో కూర్చుని కూడా గైర్హాజరు వేయించుకున్న పిల్ల. పదో తరగతి పరీక్షల్లో మాత్రం మంచి మార్కులు వచ్చాయి. కాగితం మీద గొంతుతో పని లేదు కదా.

వాళ్ళ ఊరు సముద్రానికి అవతలి ఒడ్డున ఉంది. అక్కడి బడి పదో తరగతితో సరి. పైచదువు కావాలంటే ఎటైనా పోవాల్సిందే. ఈ దీవిలో కాలేజీ ఉంది, అక్క ఇల్లుంది, బుడ్డోణ్ణి కాసేపు ఎత్తుకునే మనిషి అవసరమూ ఉంది. సీటు కూడా వచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోపు సర్టిఫికెట్ల కవరు తీసుకెళ్ళి ఇస్తే చేరినట్టు, లేకపోతే లేనట్టు. నాన్న ఎక్కాల్సిన లాంచీ కూడా ఆ సాయంత్రమే. పిల్లని వదిలి వెళ్ళాలా, వెంటబెట్టుకుని వెళ్ళాలా అన్నది ఆయన ఇంకా తేల్చలేదు. వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటి తలుపులూ కిటికీలూ బాగుచేస్తూ ఆ సంగతే నములుతున్నాడు. కవరు మాత్రం తన పనిముట్ల సంచీలో, ఉలి కింద పెట్టుకున్నాడు.

"కాలేజీ ఈ చివర ఉంటే మాట వేరు," అన్నాడు నాన్న, పళ్ళ మధ్య మేకు పట్టుకునే. "దీవి ఆ చివర. రోజూ వ్యానులో వెళ్ళాలి, వ్యానులో రావాలి. స్టాపు దాటిపోతే ఆపమని అడుగుతుందా ఇది? సముద్రంలోకి తీసుకెళ్ళినా నోరు మూసుకుని కూర్చుంటుంది."

"వ్యాను సముద్రంలోకి ఎందుకెళ్తుంది నాన్నా?" అంది అక్క వంటింట్లోంచి.

"మాట వరసకన్నాను."

"అన్నయ్యగారన్నదాంట్లో తప్పేముంది?" అంది అత్తమ్మ, మిషన్ ఆపకుండా. "అడగందే అమ్మైనా పెట్టదు. వ్యానువాడు పెడతాడా? మా దీవి వ్యాన్లంటే సంత. నోరున్నవాడిదే సీటు."

చాప మీంచి బావ గొంతు వచ్చింది. "ఒకసారి పంపి చూస్తే పోలా మామయ్యా? నిద్రపోతాను నేను కూడా."

నాన్న మేకు తీసి గుమ్మానికి కొట్టాడు. సుత్తి కింద పెట్టి, జేబులోంచి చిల్లర తీసి, గుసగుసని పిలిచి చేతిలో పోశాడు.

"ఇది వెళ్ళడానికి, ఇది రావడానికి. కాలేజీ గేటుదాకా వెళ్ళు, వెనక్కి రా. ఒక్కదానివే. వచ్చాక నా ముందు చెయ్యి చాపాలి. చెయ్యి ఖాళీగా ఉంటే వెళ్ళొచ్చినట్టు. సాయంత్రం లాంచీకి నేనొక్కణ్ణే పోతాను. చెయ్యి నిండుగా ఉంటే ఇద్దరం పోతాం."

"నోటితో చెప్తే నమ్మవా?" అంది అక్క.

"దాని మాట వినిపించుకునేసరికి నాకు లాంచీ వెళ్ళిపోతుంది."

గుసగుస చిల్లర గుప్పిట్లో బిగించి, చెప్పులు వేసుకుంది. గేటు గురించి చెప్పినా లాభం లేదని ఆమెకీ తెలుసు. మొన్ననే బావ స్కూటరు మీద నాన్నా తనూ కూడా ఇరుక్కుని వెళ్ళి ఆ గేటు చూసి వచ్చారు. చూడకుండానే చూసినట్టు చెప్పొచ్చు.

స్టాపు వీధి చివర, సైకిలు షాపు ముందు. అది ఎండ కాస్తుండగానే వాన పడి, వాన వెలవకముందే ఎండ కాసే చోటు. రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. గుసగుస షాపు చూరు కింద నిలబడి, ఎవరైనా వ్యాను ఆపితే వెనకాలే ఎక్కేద్దామని చూసింది. ఒక వ్యాను ఎవరూ ఆపక వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి ఎత్తింది గానీ, ఎత్తిన చెయ్యి జుట్టు సవరించుకోవడానికి ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత నెత్తి మీద చేపల బుట్టతో ఒకావిడ వచ్చి, రోడ్డు మధ్యకి నడిచి, "ఏయ్!" అంది. ఆ "ఏయ్"కి వ్యాను కాదు, లారీ అయినా ఆగేది.

ఉప్పుగాలికి అంచులు తుప్పు పట్టిన వ్యాను. పక్కకి జరిపే తలుపు. అది సగంలో ఇరుక్కుంటే లోపల కూర్చున్న ఒకాయన కాలితో తన్ని తెరిచాడు. వచ్చిన రోజు నాన్న ఇలాంటి తలుపే చూసి, "కింద చక్రం అరిగిపోయింది. కాస్త ఎత్తి తోస్తే వెన్నలా జరుగుతుంది. తన్నడం తప్ప ఎవరికీ ఏమీ పట్టదు," అని రేవు నుంచి ఇంటిదాకా గొణిగాడు. ఆ రోజు గుసగుస వెనక వరసలో మూటల మధ్య ఉంది. డబ్బులు చేతులు మారి ముందుకు పోవడం చూసింది గానీ, అవి ముందు ఎవరి చేతిలో పడుతున్నాయో ఆమెకి కనపడలేదు.

ఇప్పుడు లోపలికి తొంగిచూస్తే మూడు వరసలూ కిక్కిరిసి ఉన్నాయి. ఒకరి ఒళ్ళో ఒకరున్నారు. తల వంచుకుని నిలబడ్డవాళ్ళున్నారు. కానీ డ్రైవరు వీపు వెనక, ఇనప కమ్మీని ఆనుకుని, ఒంటరిగా ఒక సీటు. ఖాళీ.

గుసగుస ప్రాణం లేచి వచ్చింది. ఆ సీట్లో కూర్చుంటే అందరూ వెనకే ఉంటారు. ఒక్కరి మొహం చూడక్కర్లేదు, ఒక్కరితో మోకాళ్ళు తగిలించుకోనక్కర్లేదు. ఇంత మంచి సీటు ఎవరికీ ఎందుకు కనపడలేదో అనుకుంటూ, ఎవరైనా వచ్చేస్తారేమోనని గబుక్కున వెళ్ళి కూర్చుంది. వెనక నుంచి ఎవరో "హమ్మయ్య, దొరికారు," అన్నారు. ఆ మాట తన గురించని ఆమెకి తోచలేదు.

తలుపు మూడుసార్లు తన్నించుకుని మూసుకుంది. వ్యాను కదిలింది. భుజం మీద వేలితో ఎవరో తట్టారు.

"రేవుకి ఇద్దరం."

వెనక నుంచి వచ్చిన చేతిలో చిల్లర. గుసగుస అది తీసుకుని డ్రైవరుకి అందించబోయింది. ఆయన మెడ మీద పెద్ద నల్లమచ్చ. ఆ మెడ తిరగలేదు. వేలు మాత్రం కమ్మీకి వైరుతో కట్టిన పౌడరు డబ్బా వైపు చూపించింది.

"అందులో వెయ్యి. మిగిలింది తిరిగివ్వాల్సింది నువ్వే."

విషయం ఏమిటంటే ఆ దీవి వ్యాన్లకి కండక్టర్లు ఉండరు. డ్రైవరు వెనక సీట్లో ఎవరు కూర్చుంటే ఆ ప్రయాణానికి వాళ్ళే కండక్టరు. ఎవరెక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఇచ్చారా లేదా, అన్నీ వాళ్ళే అడగాలి. అందుకే ఆ సీటంటే అందరికీ బెదురు. ఒంటికాలి మీద నిలబడతారు గానీ అందులో కూర్చోరు. మనుషుల్ని తప్పించుకుందామని ఆ సీటు ఏరుకున్న గుసగుస పని, ఎండకి జడిసి పొయ్యిలో తల దాచుకున్నట్టయింది.

"ఐసు ఫ్యాక్టరీకి ఒకటి."

"సంతకి ముగ్గురం. వీడు చిన్నపిల్లాడు, వీడికి లేదు."

"చిన్నపిల్లాడా? మీసాలొస్తున్నాయి వాడికి!" అని ఇంకెవరో.

"మీ ఇంట్లో పిల్లలకి రావేమోలే. అమ్మాయ్, ముగ్గురికే తీసుకో."

చేతులు ముందుకు వస్తూనే ఉన్నాయి. గుసగుస తీసుకుంటూనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. కానీ నోరు పని చెయ్యనివాళ్ళకి కళ్ళు రెండింతలు పని చేస్తాయి. డ్రైవరు తల పైన పగిలిన అద్దంలో వెనకవాళ్ళందరూ ముక్కలు ముక్కలుగా కనపడుతున్నారు. ఆకుపచ్చ చీర ఇచ్చింది. బుట్ట ఇచ్చింది, మిగిలింది తీసుకుంది. మీసాలొస్తున్న చిన్నపిల్లాడి తరఫున ఇంకా గొడవ నడుస్తోంది. వాడే సిగ్గుపడి తన చిల్లర తనే ఇచ్చాడు. ఇవ్వనిది ఒక్క గొడుగాయన. చివరి వరస మూల, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎక్కినప్పుడు మేలుకునే ఉన్నాడు. చేతులు ముందుకు కదలడం మొదలవగానే నిద్రపోయాడు.

దీపస్తంభం మలుపు దగ్గర వ్యాను ఆగింది. ఇంజను కూడా ఆగింది. ఆ మలుపు దాటితే రేవు, సంత, జనం. ఎవరు దిగారో ఎవరు ఎక్కారో పట్టుకోలేరు. అందుకని అక్కడ వ్యాను ఆపి, అందరి డబ్బులూ వచ్చాయని డ్రైవరు వెనక సీటు చెబితేనే డ్రైవరు కదిలిస్తాడు.

"అయిందా?" అన్నాడు డ్రైవరు.

గుసగుస పెదాలు కదిపింది.

"అయిందా అమ్మాయ్?"

"చెప్పు తల్లీ, ఉడికిపోతున్నాం," అన్నారు వెనక నుంచి.

"మూగపిల్లేమో పాపం."

"మూగపిల్ల అయితే ఆ సీట్లో ఎందుకు కూర్చుంటుందే?"

"అయిందనేస్తే పోలా?"

అయిందంటే అబద్ధం. కాలేదంటే ఎవరిది కాలేదని అడుగుతారు. మింగలేక, కక్కలేక ఆమె కాసేపు పౌడరు డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. చెమట జడ వెంట జారింది. ఎంతసేపు కూర్చున్నా వ్యాను కదలదని అర్థమయ్యాక లేచింది. నడుము వంచి, మోకాళ్ళ మధ్య నుంచి, బుట్ట దాటి, చివరి వరసకి వెళ్ళి, గొడుగాయన ముక్కు కింద అరచెయ్యి చాపింది. చాపి అలాగే నిలబడింది.

గొడుగాయన గురక పెట్టాడు.

చెయ్యి అక్కడే ఉంది.

"ఏవండీ, లేవండి, చెయ్యి చూసి జాతకం చెప్పమంటోంది!" అంది చేపలావిడ.

వ్యానంతా గొల్లుమంది. గొడుగాయన ఒక కన్ను తెరిచాడు. చెయ్యి కనపడింది. కన్ను మూశాడు. మళ్ళీ తెరిచేసరికి కూడా అదే చెయ్యి. నోటితో అడిగితే "ఇచ్చానుగా" అని దబాయించొచ్చు. చేతితో ఏం వాదిస్తాడు?

"ఇచ్చాననుకున్నానే," అంటూ జేబులు తడుముకున్నాడు.

గుసగుస ఆ చిల్లరతో తన సీటుకి వచ్చి, డ్రైవరు వెనక కమ్మీ మీద నాణెంతో ఒకసారి కొట్టింది. టంగ్ మంది. డ్రైవరు భుజాలు కదిలాయి, నవ్వాడో ఏమో. ఇంజను స్టార్టయింది.

"ఇదేదో బాగుంది," అన్నాడాయన రోడ్డుతోనే చెబుతున్నట్టు. "అరిచేవాళ్ళతో పొద్దుట్నుంచీ చెవులు చిల్లులు పడ్డాయి."

రేవు దగ్గర సగం, సంత దగ్గర చేపలావిడ తప్ప మిగతా సగం దిగిపోయారు. కాలేజీ చివరి స్టాపు. దిగేముందు గుసగుస నాన్న ఇచ్చిన దాంట్లోంచి తన ఛార్జీ తీసి డ్రైవరు పక్కన పెట్టింది. ఆయన వేలితో వెనక్కి నెట్టాడు. తక్కువైందేమో అనుకుని ఇంకాస్త కలిపి పెట్టింది. మళ్ళీ నెట్టాడు. "ఉంచు," అని అద్దం తుడవడానికి గుడ్డ పట్టుకుని దిగిపోయాడు.

ఆమె కాలేజీ గేటు ముందు నిలబడింది. మొన్న చూసిన గేటే. నీలం రంగు, ఒక రెక్క మూసి ఉంది, వాచ్‌మన్ స్టూలు మీద పేపరు చదువుతున్నాడు. కానీ ఆమె మనసు గేటు మీద లేదు, గుప్పిట్లో ఉన్న చిల్లర మీద ఉంది. డబ్బులివ్వకుండా వ్యాను ఎక్కి వచ్చింది. దొంగ ప్రయాణం. ఆయన ఎందుకు తీసుకోలేదో అడగాలి. అడగాలంటే నోరు తెరవాలి.

అదే వ్యాను తిరిగి బయల్దేరడానికి సిద్ధమైంది. ఈసారి ఎక్కేటప్పుడు ఆమె వెనక వరసల వైపు చూసింది. కాలేజీ క్యాంటీనులో చేపలు దింపేసి వచ్చి అప్పుడే మధ్య వరసలో సర్దుకున్న చేపలావిడ, ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, "అటు చూస్తావేం? నీ సీటు నీదే," అంది. గుసగుస కూర్చుంది. చేతులు వచ్చాయి, తీసుకుంది. మలుపు దగ్గర నాణెంతో టంగ్ మనిపించింది. ఈసారి నిద్రపోయినవాళ్ళెవరూ లేరు; గొడుగాయన కథ అప్పటికే రేవంతా తిరిగినట్టుంది.

ఇంటి స్టాపు దగ్గర మళ్ళీ ఛార్జీ ఇవ్వబోతే, డ్రైవరు మళ్ళీ నెట్టేశాడు. ఆమె మొహం చూసి చేపలావిడకి జాలేసింది.

"పిచ్చిపిల్లా, ఆ సీటుకి ఛార్జీ లేదు. పని చేసినవాళ్ళకి కూలివ్వాలి గానీ, వాళ్ళ దగ్గరే పుచ్చుకుంటారా ఎవరైనా?"

ఆ మాటతో దొంగతనం బరువు దిగిపోయింది. గుసగుస వీధిలో తేలికగానే నడిచింది. సగం దూరం వచ్చాక నాన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి ఖాళీగా ఉంటే వెళ్ళొచ్చినట్టు. చెయ్యి నిండుగానే ఉంది.

దారిలో సైకిలు షాపు దాటి ఒక మురుగు కాలవ ఉంది. ఆమె దాని పక్కన ఆగింది. గుప్పిడి తెరిస్తే చాలు. కాసేపు నిలబడి, చిల్లరతో సహా ఇంటికి వచ్చింది.

"ఏదీ, చెయ్యి చాపు," అన్నాడు నాన్న. తలుపు బాగైంది, ఆయన దాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ చూసుకుంటున్నాడు.

గుసగుస చెయ్యి చాపింది. చెమటకి తడిసిన చిల్లర, ఇచ్చింది ఇచ్చినట్టు.

కుట్టుమిషన్ ఆగింది. అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"వెళ్ళాను," అంది గుసగుస.

"ఏంటీ?"

"వెళ్ళాను. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. దానికి ఛార్జీ లేదంట."

ఆ మాట నాన్నకి వినపడలేదు గానీ అత్తమ్మకి వినపడింది. ఆవిడ ముందు నోరు తెరిచి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆ సీట్లోనా! నువ్వా! అన్నయ్యగారూ, విన్నారా? ఆ సీటుకి ఛార్జీ లేని మాట నిజమే. కానీ ఆ సీట్లో కూర్చోవాలంటే గొంతులో బాకా ఉండాలి. నేను కుర్రతనంలో రోజూ ఆ సీట్లోనే కూర్చునేదాన్ని. ఈ దీవిలో సగం పెళ్ళిళ్ళు ఆ సీట్లోంచే కుదిర్చాను. మలుపు దగ్గర నేను 'అయింది' అంటే దీపస్తంభం మీద పిట్టలు లేచిపోయేవి. ఈ పిల్ల 'అయింది' అంటే తన చెవికే వినపడదు!"

"అత్తా, అది అబద్ధం చెప్పదు," అంది అక్క.

"చెప్పదు," అన్నాడు నాన్న. "చెప్పాల్సొస్తే మాత్రం ఇలా ఉంటుంది. స్టాపుదాకా వెళ్ళావు, భయమేసింది, కాసేపు నిలబడి వచ్చేశావు. అంతేగా? అదే చెబితే నేనేమన్నా కొడతానా?"

"డ్రైవరుని అడిగితే తేలిపోతుందిగా," అన్నాడు బావ, ఇటు తిరిగి.

"మెడ మీద మచ్చ," అంది గుసగుస.

"మొన్న మిమ్మల్ని రేవు నుంచి దింపింది కూడా మచ్చాయనే," అంది అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మెడ గురించి చెప్పడం గొప్పా? పిల్ల తలెత్తి ఒక్కరి మొహమైనా చూస్తే కదా!"

చెప్పడానికి చాలా ఉంది. గొడుగాయన ఉన్నాడు, చేపలావిడ ఉంది, మీసాలొస్తున్న చిన్నపిల్లాడు ఉన్నాడు. కానీ నలుగురు నవ్వుతున్నప్పుడు మధ్యలో మాట దూర్చడం కదిలే వ్యాను ఎక్కడం లాంటిది. ఆమె పరిగెత్తే లోపే అది వెళ్ళిపోయింది.

నాన్న చిల్లర తీసుకుని జేబులో వేసుకున్నాడు. కోపం లేదు. విరిగిన చెక్కని పక్కన పెట్టినట్టు, అంత మామూలుగా, "బట్టలు సర్దుకో," అన్నాడు.

భోజనాలయ్యాక అక్క బట్టలు మడిచి ఇచ్చింది. ఒక జత మాత్రం మడవకుండా దండెం మీదే వదిలేసింది. "ఆరలేదు," అంది. అది నిన్న ఉతికిన జత. గుసగుస దాని వైపోసారి చూసి, సంచీ మూతి కట్టింది.

స్టాపుకి ముగ్గురు బయల్దేరారు. పనిముట్ల సంచీతో నాన్న, బట్టల సంచీతో గుసగుస, గొడుగుతో అత్తమ్మ. ఎండావానా కలిసి కురుస్తోంది. ముగ్గురూ ఒకే గొడుగు కింద కాసేపు, చూరు కింద కాసేపు నిలబడ్డారు.

"వచ్చే ఏడు చూద్దాంలే పిల్లా," అంది అత్తమ్మ. నవ్విందే గానీ ఆవిడ మనసులో ఏమీ లేదు. "ఈలోపు ఇంట్లో రోజూ గట్టిగా పాఠాలు చదువు. గొంతు అదే వస్తుంది."

వ్యాను వచ్చింది. అత్తమ్మ "ఏయ్!" అనే లోపే దానంతట అదే ఆగింది. తలుపు తన్నించుకుని తెరుచుకుంది. లోపల పొద్దుటికంటే ఎక్కువ జనం. తలుపుకి వేలాడుతూ ఇద్దరు. ఖాళీగా ఉంది ఒక్క డ్రైవరు వెనక సీటు.

"ఒక్కటే ఉంది," అన్నాడు డ్రైవరు కిటికీలోంచి.

"అన్నయ్యగారూ, మీరెక్కండి! మీకు గొంతుంది," అంది అత్తమ్మ. "పిల్లని మీ కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకోండి."

"ఆయనొద్దండీ," అన్నాడు డ్రైవరు. "ఆ అమ్మాయిని రమ్మనండి. పొద్దున దిగింది మొదలు ఆ సీటు ఖాళీ. మలుపు దగ్గర నేనే దిగి వసూలు చేసుకుంటున్నాను. రామ్మా టంగు!"

"గొడుగాయన ఇవాళ నడిచే వెళ్తున్నాడంట," అంది లోపలి నుంచి ఒక గొంతు. నలుగురు నవ్వారు.

అత్తమ్మ గొడుగు పక్కకి వాలిపోయింది. వాన ఆవిడ భుజం మీద పడుతోంది, చూసుకోలేదు.

నాన్న డ్రైవరు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక, మధ్యాహ్నం జేబులో వేసుకున్న చిల్లర తీసి కిటికీలోంచి చాపాడు.

"పిల్ల ఛార్జీ."

"మీరు కూడానా!" అన్నాడు డ్రైవరు. "ఆ సీటుకి ఛార్జీ ఏమిటండీ? ఎక్కిన ప్రతిసారీ ఇస్తుంది, ప్రతిసారీ వెనక్కిస్తాను. వంశంలోనే ఉన్నట్టుంది."

నాన్న చెయ్యి చిల్లరతో సహా కిటికీ దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

గుసగుస అప్పటికే ఎక్కి కూర్చుంది. వెనక నుంచి రెండు చేతులు చిల్లరతో వచ్చి ఆమె భుజం పక్కన ఎదురు చూస్తున్నాయి.

"నువ్వు రేవులో దిగాలా అమ్మాయ్?" అన్నాడు డ్రైవరు. "సంచీ ఉందిగా."

ఆమె నాన్న వైపు తిరిగింది. అంతమంది తన వీపు చూస్తున్నారని తెలుసు.

"కాదు. కాలేజీ దగ్గర," అంది.

అది పెద్ద గొంతేం కాదు. కానీ చివరి వరసలోంచి ఒకావిడ "ఏ కాలేజీ?" అని అడిగింది కనక, అక్కడిదాకా వినపడిందన్న మాట.

"నాన్నా, కవరు."

నాన్న పనిముట్ల సంచీ నేల మీద పెట్టి విప్పాడు. ఉలి పక్కకి జరిపి, కవరు తీసి, దాని మీద రంపపు పొట్టు చొక్కా అంచుతో తుడిచి, కూతురి చేతికిచ్చాడు. ఆమె కాళ్ళ దగ్గరున్న బట్టల సంచీ తీసి, "నేను వెనక వచ్చే వ్యానులో రేవుకి పోతాలే," అంటూ అత్తమ్మకి అందించాడు. అత్తమ్మ ఏమీ మాట్లాడకుండా పుచ్చుకుంది. ఆ వీధిలో అది చాలామంది చూడని సంగతి.

"తలుపు!" అన్నాడు డ్రైవరు.

లోపల ఒకాయన కాలెత్తాడు.

"తన్నకండి," అన్నాడు నాన్న. "కాలు తియ్యండి. అమ్మాయ్, మోకాలు లోపలికి జరుపు."

ఆయన వంగి, రెండు చేతులతో తలుపుని కొద్దిగా పైకెత్తి, పక్కకి తోశాడు. అది చప్పుడు లేకుండా జరిగి, ఆమె మోకాలి పక్కనే మూసుకుంది.